స్టేషన్ రోడ్డులో నా వాకింగ్

మూడేళ్ల కిందటి సంగతి. మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. నాకు నెలసరి తప్పించే పీసీఓఎస్ ఉందని, అన్నం తగ్గించి రోజూ నలభై నిమిషాలు వేగంగా నడవమని డాక్టరమ్మ చెప్పింది. సంబంధాలు చూస్తున్నారు కాబట్టి, ఈ విషయం ఎవరికీ చెప్పనని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది.

ఆ రోజు నాకు పెళ్లిచూపులు. హిందూపురం వాళ్లు వచ్చేలోగా తిరిగి రావచ్చని, పొద్దున్నే సంచీ తగిలించుకుని స్టేషన్ రోడ్డు పట్టాను. సంచీలో నీళ్లసీసా, అన్నానికి బదులు తినే నానబెట్టిన పెసలు ఉన్నాయి.

మా వీధి ఓబులేసు మామ ఆటో ఆపి, "యాడికి పోతాండావు పాపా?" అన్నాడు.

"యాడికీ లేదు మామా" అని వేగం పెంచాను.

పెళ్లిచూపుల రోజున సంచీతో స్టేషన్ వైపు ఉరికే పిల్లను చూసి ఆయన మాత్రం ఏమనుకుంటాడు? చెయ్యి పట్టి ఆటో ఎక్కించి ఇంటికి తెచ్చాడు. పెళ్లికొడుకు వాళ్లు ముందు రైలుకే వచ్చి వరండాలో కూర్చుని ఉన్నారు.

"ఏమప్పా, నీ బిడ్డ లేచిపోతాంటే పట్టుకొచ్చినా!" అన్నాడు మామ మా నాయనతో, వీధంతా వినేలా.

"నాకు పీసీఓఎస్ ఉండాది! అందుకే నడుస్తాండా!" అని అరిచి, రుజువుగా పెసలు చూపించాను.

పెళ్లికొడుకు తల్లి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఏ డాక్టరమ్మ? మా పాపకూ అదే ఉండాది" అంది.

ఆ సంబంధం కుదరలేదు. ఆమె కూతురు మాత్రం ఎన్ని అడుగులు నడిచిందో రోజూ నాకు ఫోన్లో పంపుతుంది. ఇప్పుడు నా జబ్బు సంగతి ఊరంతటికీ తెలుసు, దాచే పని తప్పింది. అయినా ఓబులేసు మామ, నేను స్టేషన్ దాటి వెనక్కి తిరిగేదాకా ఆటో ఆపుకుని చూస్తూనే ఉంటాడు.