రెండు ముక్కలవుతుందేమో!

ఓర్విల్ పావ్లాక్ బాబాయికి ఒక్కటే జబ్బు: భయం. పొద్దున రొట్టె కాస్త మాడితే ఫైరింజన్‌కు ఫోన్ చేస్తాడు. నిచ్చెన ఎక్కడు, లిఫ్టు ఎక్కడు. అమెరికాలోని టొలీడోలో మా వీధి చివర రైలు గేటు ఉంది. రైలు వెళ్ళిపోయాక కూడా, ఇంకోటి వస్తుందేమోనని అక్కడే ఆగిపోతాడు. వెనకవాళ్ళు హారన్ కొడితే, వాళ్ళకు కోపం వచ్చిందేమోనని అదో భయం.

అలాంటి మనిషికి వాళ్ళ నాన్న వదిలి వెళ్ళింది పంతొమ్మిది వందల అరవై తొమ్మిది నాటి రెండు తలుపుల కారు. ముందున్న ఎనిమిది సిలిండర్ల ఇంజను ఆవులిస్తే చాలు, పక్కింటి అద్దాలు గలగలమంటాయి. పులిని తెచ్చి కుందేలుకు కట్టబెట్టినట్టే!

ఆ పులికి నడుము బలం లేదని ఎవరో బాబాయి చెవిన వేశారు. అది నిజమే. దాని ముందు చట్రం వేరు, వెనక చట్రం వేరు. మధ్యలో పట్టి ఉంచేది నేల రేకు. ఇంజను గట్టిగా లాగితే బండి తడిగుడ్డను పిండినట్టు మెలి తిరుగుతుంది. ముందునుంచి వెనకదాకా రెండు పక్కలా ఉక్కు దూలాలు అతికిస్తే గట్టిపడుతుంది.

ఆ దూలాలు ఎంచుకోవడానికి బాబాయి నా వెల్డింగ్ షాపుకు రావడం మొదలుపెట్టాడు. శనివారం వచ్చిందంటే బాబాయీ వచ్చినట్టే.

"జోసీ, బోల్టులతో బిగించేవి వేస్తే?"

"వెయ్యొచ్చు బాబాయ్."

"వదులైపోతే?"

"అయితే వెల్డింగ్ చేసేవి వేద్దాం."

"అమ్మో, నిప్పు! పైగా కింద వేలాడే ఆ దూలాలు రైలు పట్టాలకు తగిలితే?"

"నేల కోసి, లోపలికి దించేవి ఉన్నాయి."

"కోసిన చోట నీళ్ళు కారితే? ఇంజను ముందుకెళ్ళిపోయి, మనిషి వెనకే రోడ్డు మీద కూర్చుండిపోతే?"

నేను నవ్వాను. అతను నవ్వలేదు. నుదుటి మీద నిజంగానే చెమట పట్టింది.

మంచు కురిసింది, కరిగింది. మళ్ళీ కురిసింది. ఆఖరికి ఒకరోజు, నేల వంపులకు అచ్చంగా అతుక్కుని, పొడవునా వెల్డింగ్ పడే రకం దూలాలు చంకలో పెట్టుకుని వచ్చాడు. చంటిపిల్లను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చాడు.

"బండి చక్రాల మీదే నిలబడి ఉండాలి జోసీ. గాల్లో వేలాడదీసి అతికితే ఆ వంకర అలాగే ఉండిపోతుంది. తలుపులు పడవు."

"తెలుసు బాబాయ్, నా పని అదేగా."

"నడిపేవాళ్ళ బరువు కూడా లోపల ఉండాలి." కుక్కల మేత బస్తాలు తెచ్చి డ్రైవర్ సీట్లో పెట్టాడు.

బస్తాల వంక చూశాను. బాబాయి వంక చూశాను. బాబాయి నిండు పీపా లాంటి మనిషి.

"ఇవి నీ పొట్టకే చాలవు కదయ్యా!"

అతను నేల చూపులు చూశాడు. "నడిపేది నేను కాదు. వాండా అక్క."

వాండా అంటే ఊళ్ళో స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, ఎండు చేపలా ఉంటుంది. బాబాయే చెప్పుకొచ్చాడు: "చిన్నప్పుడు కార్ల పందెంలో నడుపుతానని ఏడ్చింది. ఆడపిల్లకెందుకని నాన్న బండిని నాకిచ్చేశాడు. నాకేమో తాళం చెవి చూస్తేనే దడ. అక్కకిచ్చేస్తే రెండోరోజే పందేనికి పోతుంది. విరిగిపోయే బండిని అక్క చేతిలో ఎలా పెట్టను?"

మాస్క్ దించుకుని బండి కిందికి దూరాను.

లోపల నిప్పంటుకుంటే ఆర్పడానికి ఒకరు కావాలి. బాబాయి నిచ్చెన ఎక్కాడు! తన బరువు బండి మీద పడకూడదని రెండో మెట్టు మీద నిలబడి, తడి తువ్వాళ్ళు పట్టుకుని కిటికీలోంచి లోపలికి వంగాడు. మెట్లు టకటకమని వణుకుతున్న చప్పుడు నాకు కిందనుంచి వినిపిస్తూనే ఉంది.

వెనక సీటు దగ్గరికి వచ్చేసరికి నేల రేకు లోపలి తారు పూత కాలిన వాసన. పైన చుయ్యిమంది. పెట్రోలు గొట్టం జానెడు దూరంలో ఉంది. పైనుంచి కేక లేదు, మాట లేదు. అతుకు పూర్తిచేసి బయటికొచ్చి చూస్తే, నేల మీద నల్లగా కాలిన తువ్వాలు, ఎర్రగా కమిలిన బాబాయి వేళ్ళు.

"మంటొస్తే అరవొద్దూ?"

"అరిస్తే నీ చెయ్యి కదులుతుంది. అతుకు వంకరపోతుంది," అని చెప్పి, నిచ్చెన మీంచి నింపాదిగా దిగి, అప్పుడు మూర్ఛపోయాడు.

పందెం రోజున వాండా హెల్మెట్ పెట్టుకుని, తమ్ముడిచ్చిన ఆ బండిలో గీత దగ్గర సిద్ధంగా కూర్చుంది. బాబాయి నా వీపు వెనక దాక్కున్నాడు. పచ్చ దీపం వెలిగింది. ముందు చక్రాలు నేలను వదిలాయి. బండి తూటాలా పోయింది. పక్క కారు కుర్రాడు గెలుపు గీత దాటేసరికి వాండా అప్పటికే బ్రేకు వేస్తోంది.

తిరిగొచ్చి తలుపు తీసింది. "ఒరేయ్ తమ్ముడూ, ఎక్కడ దాక్కున్నావురా పిరికి సన్నాసీ!" అని తిడుతూనే బాబాయిని గట్టిగా వాటేసుకుంది. వదల్లేదు.

సోమవారం పొద్దున్నే షాపు తలుపు దబదబా కొట్టారు. బాబాయే. మొహం పాలిపోయింది.

"జోసీ, కొంప మునిగింది. అక్క ఇంకా పెద్ద ఇంజను కావాలంటోంది!"

"వద్దని చెప్పలేకపోయావా?"

"చెబితే చిన్నబుచ్చుకుంటుందేమోనని భయమేసింది," అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సరేగానీ, బోల్తా పడితే పైకప్పు నొక్కుకుపోకుండా ఏవో గొట్టాలుంటాయటగా. అవి ఎన్ని రకాలు?"