ముప్ఫై మంది, ఒకే జవాబు

మా బిడ్డ మూడేళ్లు దవాఖానలో నర్సుగా చేసి, మళ్లీ చదువుకు పోయింది. ఎమ్మెస్సీ నర్సింగ్. చివరి ఏడాది పరిశోధన చేసి, పుస్తకం రాసి ఇస్తేనే డిగ్రీ అంది. ఆ పరిశోధన మా మీదే పెట్టుకుంది. మేమంటే హైటెక్ సిటీలో ఒక ఆఫీసు బిల్డింగులో నేల తుడిచి, బాత్రూంలు కడిగే ఆడవాళ్లం. నీళ్లు ఎన్ని తాగుతాం, మూత్రం ఎంతసేపు ఆపుకుంటాం, మంట వస్తే ఏం చేస్తాం, ఇవీ ఆమె ప్రశ్నలు. ముందు ఒకసారి అడగాలి. తర్వాత పాఠం చెప్పాలి. కొన్నాళ్లాగి మళ్లీ అడిగి, ఏం మారిందో చూడాలి. ముప్ఫై మంది కావాలి. తల్లిని కాబట్టి నేను ఆ ముప్ఫైలోకి రాను.

కాలేజీ కమిటీ, ఆ బిల్డింగు వాళ్లు సరేననేసరికి నాలుగు నెలలు పోయాయి.

ఒకరోజు లింగంపల్లిలో మా ఇంట్లో కూర్చుని, ప్రశ్నలన్నీ నాకు చదివి వినిపించింది.

"అమ్మా, మూత్రనాళం అంటే మీవోళ్లకు సమజైతదా?"

"కాదు బిడ్డా. మూత్రం పొయ్యే దారి అని రాయి."

ఇరవై ప్రశ్నలు. ఏది సరైన జవాబో కూడా చదివింది. రెండో తరగతిలో బడి మానేసినదాన్ని గానీ, ఒకసారి విన్నది నేను మరవను. ప్రశ్న, జవాబు అంటే నాకు తెలిసింది పరీక్షే. మావాళ్లు తప్పు చెబితే నా బిడ్డకు మార్కులు పోతాయనుకున్నాను.

మరునాడు సెల్లార్‌లో, బండ్లు పెట్టే చోటు పక్కన అందరం అన్నం డబ్బాలు తెరిచినప్పుడు మొదలుపెట్టాను.

"దినాం ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగుతమని చెప్పుర్రి. మూడు గంటలకొకసారి పోతమని చెప్పుర్రి."

"ఏడికి పోతమక్కా, మేనేజర్ కుర్సీ కిందికా?" అంది ఎనిమిదో అంతస్తులో చేసే ఆమె. అందరూ పడీ పడీ నవ్వారు.

"నర్సమ్మకు మళ్ల చదువేందే? సూదులేసుడు మర్చిపోయిందా?" అంది ఇంకొకామె.

నవ్వుకుంటూనే నేర్చుకున్నారు. వారం రోజులు చెప్పించాను.

బిడ్డ వచ్చిన రోజు నేను దూరంగా బకెట్లు కడుగుతూ విన్నాను. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని, చదివి, టిక్కు పెట్టుకుంటోంది. మాలో అందరికన్నా పెద్దామె, ప్రశ్న సగంలో ఉండగానే "మూడు గంటలకొకసారి" అనేసింది. బిడ్డ తలెత్తి చూసింది. ఆ తర్వాత వచ్చిన వాళ్లంతా ఎనిమిది గ్లాసులన్నారు. నాకు లోపల గర్వంగా ఉంది.

రెండు రోజులకు కాలేజీ నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండా గడపలోనే కూర్చుంది. పరిశోధన చూసే మేడం కాగితాలు తిప్పి ఇచ్చేసిందట. ముప్ఫై మందికీ అన్నీ ముందే తెలిస్తే నువ్వు చెప్పే పాఠమేంటి, ఇది పనికిరాదు, వేరేచోట మొదటి నుంచి చెయ్యి అందట. అంటే ఈ ఏడు పుస్తకం ఇవ్వడం కుదరదు. తోటివాళ్లంతా ఇచ్చేస్తారు.

"గిట్లెట్లయితది అమ్మా? అందరు ఒక్కటే మాట ఎట్ల చెప్తరు?"

నేను పొయ్యి మీద అన్నం చూశాను.

నాలుగు రోజులు ఏమీ అనలేదు. పొద్దున్నే రైలెక్కాను, దిగాను, నేల తుడిచాను. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తుంటే సూపర్‌వైజర్ "ఏందమ్మా, గాడనే నిలబడ్డవ్?" అన్నాడు. భయం లేదు, ఏడుపూ రాలేదు. చేతులు పని చేస్తున్నాయి, అంతే.

ఆదివారం ఇద్దరం బీరకాయలు చెక్కు తీస్తున్నప్పుడు చెప్పేశాను. నేనే నేర్పానని.

ఆమె చెయ్యి ఆగలేదు. ఇంకో కాయ తీసుకుంది.

"ఎందుకు నేర్పినవమ్మా?"

"నీ మార్కులు పోతయనుకున్న."

"వాళ్ల జవాబులకు నాకు మార్కులు లెవ్వమ్మా. వాళ్లు నిజంగ ఏం చేస్తరో తెలిస్తేనే నా చదువు." కాయ చెక్కుతూనే అడిగింది. "నువ్వు డ్యూటీల నీళ్లు ఎన్ని తాగుతవు?"

"తాగ."

"అస్సలే?"

"పైన బాత్రూంలు కడుగుడే గాని మేం పోవద్దు. సెల్లార్‌కు దిగాలె. దిగితే ఆలస్యమైందని సూపర్‌వైజర్ ఒర్రుతడు. ఇంటికొచ్చినంకనే పోత."

"మంటుంటదా?"

"ఉంటది."

"ఎప్పటి సంది?"

"ఐదేండ్లాయె."

అప్పుడు కత్తి కింద పెట్టింది. అందులో మూడేళ్లు ఆమె దవాఖానలో ఎవరెవరి మంటో అడిగి రాసుకున్న నర్సే. నేను చెప్పలేదు, ఆమె అడగలేదు.

"గిది రాసుకో బిడ్డా. గిదే నిజం," అన్నాను.

"నువ్వు లెక్కకు రావమ్మా," అంది.

మర్నాడు నన్ను దవాఖానకు తీసుకుపోయి మూత్రం పరీక్ష చేయించింది. ఆ వారంలోనే వేరే బిల్డింగు వాళ్లకు ఉత్తరం పెట్టింది, కాలేజీ కమిటీకి మళ్లీ కాగితాలిచ్చింది. ఏ బిల్డింగో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ప్రశ్నల కాగితాలు ఇప్పుడు కాలేజీలోనే దాచి వస్తోంది.