కదలని మరదలికి మూడు మార్కులు

మనిషన్నాక పొరపాటు చేస్తాడు. మామూలు మనిషైతే ఇంట్లో చేసి, తలుపేసుకుని, దుప్పటి ముసుగు తన్ని పడుకుంటాడు. నేను చేసిన పొరపాటును వేలమంది చదివారు. చదివి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు బెంగళూరు నగర్తపేటలో ఒక నిండు సంసారంలో పొయ్యి రెండయ్యే పరిస్థితి వచ్చింది. ఇప్పటికీ ఆ పేటకు వెళ్లాల్సి వస్తే మొహానికి మాస్కు పెట్టుకుని వెళతాను. ఎవరైనా అడిగితే దుమ్ము పడదంటాను. మీకు మాత్రం నిజం చెబుతున్నాను, నాకు పడనిది సిగ్గు.

అప్పట్లో నేను హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక తెలుగు వెబ్‌సైట్‌కు వీడియో గేముల సమీక్షలు రాసేవాణ్ణి. టీవీకి తగిలించుకుని ఆడే కన్సోల్ గేములన్నమాట. ఆడటం, నాలుగు మాటలు రాయడం, కింద పదికి ఇన్ని అని మార్కులు వేయడం. కాకినాడలో మా నాన్నకు ఈ ఉద్యోగం ఎంత చెప్పినా అర్థం కాక, అడిగినవాళ్లకు "మావాడు బెంగళూరులో పేపర్లు దిద్దుతాడు" అని చెప్పేవాడు. ఒక రకంగా నిజమే. మొదటి పేజీ చూసి మొత్తం పేపరుకు మార్కులు వేసేసే మాస్టర్లుంటారే, నేనా స్థాయికి ఏడాదిలోనే చేరుకున్నాను. ఏడు వేయాల్సిన చోట ఐదు వేస్తే కలిగే తృప్తి ఏ బిర్యానీలోనూ లేదని గట్టిగా నమ్మేవాణ్ణి.

ఒకరోజు మా ఎడిటర్ నస్రీన్ గారు నన్ను పిలిచారు. గుంటూరు మనిషి. మాట తక్కువ, కారం ఎక్కువ.

"మన ఊళ్లోనే తయారైన ఆట ఇది. ఇద్దరు ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చేశారట. నువ్వొక్కడివే చూస్తావా, ఎవరినైనా తోడివ్వనా?"

నాకు చుర్రుమంది. "తోడెందుకండీ? నేనేమన్నా చిన్నపిల్లాడినా?"

"నీ ఇష్టం. ఆట పేరు కూడా 'తోడు'."

"పెరుగు గురించా?" అన్నాను. నాకు నేనే నవ్వుకున్నాను. ఆవిడ నవ్వలేదు. అప్పుడైనా అనుమానం రావాల్సింది.

కాడుగోడిలోని నా గదికి వెళ్లి ఆట మొదలుపెట్టాను. తెరమీద ఏవో నాలుగు వాక్యాలు వచ్చాయి. చదవకుండానే టకటకా మీట నొక్కి దాటేశాను. పెళ్లికి వెళ్లి మంత్రాలన్నీ వినేవాడెవడండీ, అందరం భోజనాలకేగా వెళ్లేది!

కథ సులువు. పాత పేటలోని ఇంటినుంచి ఒక పెద్ద ఇత్తడి గుండిగ పెళ్లి మండపానికి చేరాలి. వదిన, మరదలు దాన్ని సందుగొందుల్లోంచి మోసుకెళ్లాలి. గుండిగకు రెండు చెవులు. నా చేతిలో ఉన్నది వదిన. మీట నొక్కితే నడుస్తోంది, దూకుతోంది, ఒక చెవి పట్టుకుని ఎత్తుతోంది. మరదలు మాత్రం జడ ముందుకేసుకుని, కొసలు సవరించుకుంటూ నిలబడే ఉంది.

'అలిగిందేమో, కథలో మలుపు కాబోలు' అనుకుని కాసేపు ఆగాను. మలుపు లేదు, మెలిక లేదు. విసుగొచ్చి వదినను పరిగెత్తించి మరదలి వీపున ఢీకొట్టాను. మరదలు జానెడు ముందుకు జరిగింది!

అంతే, నాలో మేధావి నిద్రలేచాడు. మరదలిని సందు చివరిదాకా తోయడం, వెనక్కి రావడం, గుండిగను ఒక చెవి పట్టుకుని కర్రుమని ఈడ్చుకుపోవడం, మళ్లీ మరదలిని తోయడం. పెట్రోలైపోయిన ఆటోను ఫ్లైఓవర్ ఎక్కించినట్టుంది నా పని. ఒకచోట మెట్లొచ్చాయి. తోస్తే ఎక్కదు. పక్కనే ఒక ఆవు తిరుగుతోంది. మరదలిని తీసుకెళ్లి దాని ముందు నిలబెట్టాను. అది కుమ్మింది. ఆమె ఎగిరి రెండు మెట్ల మీద పడింది. మళ్లీ కిందినుంచి ఆవును అదిలించాను. నవ్వకండి, ఆ మెట్లన్నీ అలాగే ఎక్కించాను. రెండు రోజులకు నా బొటనవేళ్లు గారెల్లా ఉబ్బాయి. పెళ్లి మండపం ఇంకా ఎంత దూరముందో తెలియలేదు. ఓపిక చచ్చి, ఆట ఆపేసి, సమీక్ష రాయడానికి కూర్చున్నాను. అవును, పూర్తి చేయకుండానే. ఆ సంగతి సమీక్షలో రాయలేదు.

ఏం రాశానో వినండి. "ఈ ఆటలో మరదలు ఒక మొద్దు. మా వీధి కరెంటు స్తంభం ఈమెకన్నా చురుకైనది, గాలివానకు అదైనా ఊగుతుంది. పేరు 'తోడు' అని పెట్టారు గానీ, పాలు విరిగాయే తప్ప తోడుకోలేదు." ఈ చివరి వాక్యం రాశాక లేచి అద్దం ముందుకెళ్లి నన్ను నేను చూసుకుని మురిసిపోయాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నాడట వెనకటికొకడు. నేను ఆడిన ఆటకు మూడే మార్కులు.

ఆట విడుదలైన రోజే సమీక్షా వెలువడింది. జనం విరగబడి నవ్వారు. ఆట కొనాలనుకున్నవాళ్లు చాలామంది ఆగిపోయారు. ఆ సంగతి తెలిసినప్పుడు, చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, గర్వపడ్డాను.

మర్నాడు ఆఫీసుకు ఫోనొచ్చింది.

"నమస్కారం సార్. నా పేరు పద్మావతి. 'తోడు' ఆటకు కోడ్ రాసింది నేనే. మరదలు కదిలేదే లేదని రాసినారు గదా, యాడ నిలిచిపోయింది సార్?"

"మొదటినుంచీనండి."

"మొదటినుంచేనా! మా దగ్గర బాగానే నడస్తా ఉండాది గదా సార్."

"మీ దగ్గర నడిస్తే ఏం లాభమండీ? నా దగ్గర నడవాలి."

"అట్లనే సార్, మళ్లీ మొదలుకాణ్ణించి చూసుకుంటాను" అని మెల్లగా పెట్టేసింది.

సాయంత్రం ఇంకొక ఫోను. ఈసారి గొంతు చిన్నది.

"నేను చైత్రను సార్. పద్మావతి మా వదిన. ఆటలో బొమ్మలన్నీ నేనే గీసినాను. ఆ మరదలి మొగం నాదే, గొంతూ నాదే. మొద్దు అన్నది నన్నేనా సార్?"

ఏ మాత్రం ఇంగితమున్నవాడైనా అక్కడ క్షమాపణ చెప్పుకుని ఫోను పెట్టేస్తాడు. నేను తీర్పు చెప్పాను.

"అబ్బే, బొమ్మ అద్భుతమండీ. ప్రాణమే లేదు. తప్పంతా కోడ్‌లో ఉంది."

"అంటే మా వదినదా?"

"నేనలా అనలేదు" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "కానీ అంతే" అని కూడా అన్నాను.

చూశారా! అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నవాళ్లను లోకం చూసింది. దుత్త మీద కోపాన్ని వదిన మీదికి మళ్లించిన ఘనుణ్ణి నేనే.

ఆ వారాంతంలో పద్మావతి మళ్లీ ఫోను చేసింది. గొంతు పూర్తిగా మారిపోయింది. "సార్, మా ఇంట్లో మాటలు లేవు. నాకు రానిదాన్ని తలకెత్తుకుని తన పేరు చెడగొట్టినానంట. చైత్ర నాతో పలికేదే లేదు. ఆ పిల్ల దీనికోసం ఉద్యోగం విడిచింది సార్. మీరొక్కసారి ఇంటికొచ్చి ఆ తప్పు యాడుండాదో చూపించండి. మీ కాళ్లు మొక్కుతాను, సరిచేసుకుంటాను."

పక్కనే ఉన్న నస్రీన్ గారు అంతా విన్నారు. "వెళ్లు. నువ్వు ఆడినట్టే ఆడి చూపించు" అన్నారు.

ఆదివారం పొద్దున నగర్తపేట వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెద్ద డాక్టరు పల్లెటూరి రోగిని చూడ్డానికి వచ్చినట్టు వెళ్లాను. కింద జరీ దుకాణం, పైన ఇల్లు. గదికి ఒక మూల పద్మావతి, ఇంకో మూల చైత్ర, ఒకరికొకరు వీపు పెట్టి కూర్చున్నారు. నడుమ సోఫాలో చైత్ర తల్లి రుక్మిణమ్మ గారు, కోర్టులో జడ్జిలా. చైత్ర ఒక్కసారి తల తిప్పింది. నేను సందులూ గొందులూ తిప్పి కుమ్మించిన మొహమే అది! నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది. కొంచెమే.

పద్మావతి నాకు కంట్రోలర్ అందించింది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"చూడండి, ఇదే సమస్య. ఆమె కదలదు. అందుకని నేను ఇలా వెనకనుంచి తోస్తాను. ఇప్పుడు తిరిగొచ్చి గుండిగ ఈడుస్తాను. అదిగో మెట్లు. ఇప్పుడు ఆవు వస్తుంది, జాగ్రత్తగా గమనించండి..."

ఆవు కుమ్మింది. మరదలు ఎగిరింది.

"అయ్యో దేవుడా!" అని గుండెలు పట్టుకున్నారు రుక్మిణమ్మ గారు. "మా బిడ్డను ఆవుతో పొడిపిస్తా ఉండాడు గదే!"

పద్మావతి తెరను చూడటం మానేసి నన్ను చూస్తోంది. చైత్ర లేచింది. టీవీ పక్కనున్న ఇంకో కంట్రోలర్ తీసుకుని ఒక మీట నొక్కింది. తెరమీద మరదలు జడ వెనక్కి విసిరి, గబగబా మెట్లు దిగొచ్చి, గుండిగ రెండో చెవి పట్టుకుంది.

నేను ఎగిరి గంతేశాను. "కదిలింది! ఎలా కదిలింది? ఇప్పుడే బాగుచేసేశారా?"

"సార్," అంది పద్మావతి, పసిపిల్లాడికి చెప్పినంత మెత్తగా. "ఇది ఇద్దరు ఆడే ఆట సార్. రెండో మనిషి ఎప్పుడైనా వచ్చి కలవచ్చు. మొదట్లోనే తెరమీద రాసినాము గదా... మీరు ఒక్కరే ఆడినారా?"

ఆ క్షణంలో మొద్దు ఎవరో ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది. ఆడలేక మద్దెల ఓడన్నదానికి కనీసం మద్దెల మీద చెయ్యి వేసిన అనుభవమైనా ఉంటుంది. నేను సగం ఆటను అసలు ముట్టుకోనే లేదు. చెవుల్లోంచి ఆవిరి వస్తోంది. నేల రెండుగా చీలి, కింది జరీ దుకాణంలో పడిపోతే బాగుండుననిపించింది.

చైత్ర నా వైపు చూడనే లేదు. "వదినా," అంది, "నీ కోడ్‌లో ఏమీ లేదు."

అన్ని రోజుల తర్వాత ఆమెతో పలికిన మొదటి మాట అది. పద్మావతి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నీ బొమ్మలోనూ ఏమీ లేదు చైత్రా."

"మరి తప్పు యాడుండాది?" అడిగారు రుక్మిణమ్మ గారు.

వదినా మరదళ్లిద్దరూ కలిసి ఒక్కసారే నా వైపు చూశారు. అంతే, నవ్వు మొదలైంది. చైత్ర నేలమీద కూర్చుండిపోయింది. పద్మావతి గోడ పట్టుకుంది. "ఆవుతో... మెట్లు..." అని మధ్యలో ఒకరికొకరు చెప్పుకోబోయి, చెప్పలేక, మళ్లీ మొదలు. నేను చేతిలో కంట్రోలర్‌తో నిలబడే ఉన్నాను. నాకు సవరించుకోవడానికి జడ కూడా లేదు.

తిట్టుంటే తేలిగ్గా ఉండేది. వాళ్లు కేసరిబాత్, అదే మన రవ్వకేసరి, పెట్టారు. నేను తలవంచుకుని తింటుంటే రుక్మిణమ్మ గారు పక్కన కూర్చుని జాలిగా అడిగారు.

"బేజారు చేసుకోవద్దప్పా. ఒక్కడివే అంత దూరం తోసినావే, కష్టజీవివి. నీకు జతగా ఆడేకి మనిషే లేరా నాయనా?"

కాడుగోడిలో నా పక్క గదిలో ఒకడుంటాడు. రెండేళ్లుగా ఉంటున్నాడు. వాడి పేరు నాకు తెలియదు. ఆ మాట ఆవిడకు ఎలా చెప్పను?

తర్వాత చైత్ర నా పక్కన కూర్చుని ఆడింది. ఇద్దరి చేతుల్లో ఆ గుండిగ పూలబుట్టలా తేలిపోయింది. కాఫీ చల్లారేలోగా మండపం వచ్చేసింది. అక్కడ వదినా మరదళ్లు గుండిగ దించి, చెమట తుడుచుకుంటూ ఒకరినొకరు చూసుకుని నవ్వుతారు. నేను చూడకుండానే మార్కులు వేసిన ముగింపు అది. ఎంత బాగుందో చెప్పే అర్హత నాకు లేదు.

మర్నాడు కొత్త సమీక్ష పెట్టాం. నా వంతు రెండే వాక్యాలు: "మరదలు మొద్దు కాదు. ఆ మాట నాకు వర్తిస్తుంది." మార్కులు వేసే పని నస్రీన్ గారు వేరే ఇద్దరికి అప్పగించారు, వాళ్లు తొమ్మిది వేశారు. జనం మళ్లీ విరగబడ్డారు, ఈసారి నా మీద. "సార్, చదరంగం కూడా సమీక్షించండి, నల్లపావులు వాటంతటవి కదలడం లేదు" అని ఒకాయన. "కేరమ్స్‌లో ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది, కంపెనీ మీద కేసు వేయండి" అని ఇంకొకాయన. ఆటకు మాత్రం మంచే జరిగింది. నా భాగోతం చూద్దామనైనా కొన్నవాళ్లు, జతగాడిని వెతుక్కుని చివరిదాకా ఆడారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కొన్ని నెలలకు ఆటకు కొత్త అప్‌డేట్ వచ్చింది. నస్రీన్ గారు తన టీవీ దగ్గరికి పిలిచి తెర చూపించారు. కన్సోల్ గేముల్లో ఏదైనా ఘనకార్యం చేస్తే ట్రోఫీ ఇస్తారు. కొత్తగా ఒకటి చేర్చారు. కొమ్ముల మీద మనిషిని ఎత్తుకున్న ఆవు బొమ్మ. కింద వివరణ: "మరదలిని ఒంటరిగా తోసుకుంటూ మెట్లెక్కించినవారికి." ట్రోఫీ పేరు 'విమర్శకుడు'. కంచుది.

ఉండబట్టలేక పద్మావతికి ఫోను చేశాను. "అంత కష్టానికి కంచేనా అండీ? కనీసం వెండైనా ఇవ్వాల్సింది."

"వెండి ఇస్తుంటిమి సార్," అందామె, "ఆట పూర్తి చేసింటే."

కాబట్టి పాఠకులారా, పొద్దున మెట్రోలో ఒంటికాలి మీద నిలబడి ఆఫీసులకు వెళ్లే సమస్త ప్రయాణికుల సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ. ఇకమీదట ఆటకు గానీ, సినిమాకు గానీ, ప్లేటులోని ఇడ్లీకి గానీ, ఆఖరు ముక్క దాకా వెళ్లకుండా మార్కులు వేయను. తెరమీద వచ్చే ప్రతి అక్షరాన్నీ, అది షరతులూ నిబంధనలైనా సరే, పైకి చదువుతాను. ఇక ఈ భూమ్మీద ఎవరు ఎక్కడ కదలకుండా నిలబడి కనిపించినా, వెనకనుంచి తోసేముందు ఒక్కసారి కారణం అడుగుతాను.