హీరోయిన్ వద్దన్నప్పుడు

నా చిన్నప్పుడు మా అమ్మమ్మకు ఇంగ్లీషులో నోరూ చెవులూ నేనే. అమ్మ పురిటికి సాయం చేద్దామని ఆవిడ తెనాలి నుంచి తిన్నగా న్యూజిలాండ్‌లో, లోవర్ హట్ అనే ఊళ్ళో మా ఇంటికి వచ్చి దిగింది. ఇంగ్లీషు ముక్క రాదు. నాన్నగారు పొద్దున్నే ట్రైన్ పట్టుకుని వెల్లింగ్టన్ వెళ్ళిపోయేవారు. అమ్మను డాక్టరు మంచం దిగొద్దన్నాడు. అందుకని పోస్ట్‌మ్యాన్‌తోనైనా, పక్కింటి ముసలాయనతోనైనా, డెయిరీలోనైనా అమ్మమ్మ మాట్లాడాలంటే పదేళ్ళ నేనే దుబాసీని. ఇక్కడ డెయిరీ అంటే వీధి మూలనుండే చిన్న కొట్టు. పాలూ బ్రెడ్డూ పేపరూ మిఠాయిలూ అన్నీ అక్కడే.

ఆ ఉద్యోగంలో నేను వెలగబెట్టిన నిర్వాకాలు ఇన్నీ అన్నీ కావు. పక్కింటాయన మా తాలింపు ఘాటుకు తుమ్ములొస్తున్నాయని విసుక్కుంటే, వాసన ఘుమఘుమలాడుతోందంటున్నాడని అమ్మమ్మకు చెప్పాను. పాపం ఆవిడ మురిసిపోయి మర్నాడు గిన్నెడు పులిహోర పంపింది. ఆయన తిన్నాడు కూడా! దాంతో నాకు ధైర్యం పెరిగింది. ఎవరేమన్నా అందులో నాలుగు మాటలు నావి కలిపి చెబితేనే లోకం సుఖంగా నడుస్తుందని నమ్మకం కుదిరిపోయింది.

ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో పాత హాలీవుడ్ పాటల సినిమాలు వేసేవారు. అబ్బబ్బ, ఆ గౌన్లు, ఆ మెట్లు, ఆ డాన్సులు! నేను చీపురు పట్టుకుని హాల్లో గిరగిరా తిరిగేదాన్ని. కథ ఏదైనా ఇంచుమించు ఒక్కటే. హీరో ఆ అమ్మాయిని చూస్తాడు, మనసు పారేసుకుంటాడు, ఆమె వద్దంటుంది. వాడు ఊరుకుంటాడా? ఆమె ఎక్కిన ఓడ ఎక్కుతాడు. ఆమె దిగిన హోటల్లో పక్కగది తీసుకుంటాడు. దారికి అడ్డం నిలబడి పాడతాడు. ఆమె వాడి చెంప ఛెళ్ళుమనిపిస్తే దాన్నీ నవ్వుతూ తుడిచేసుకుని ముద్దుపెట్టేస్తాడు. చివర్లో ఆమె కరిగిపోతుంది, ఊరంతా చప్పట్లు. వీటన్నిటినీ చూసి నేనొక సూత్రం కనిపెట్టాను. హీరోయిన్ మొదట వద్దనాలి, రెండోసారీ వద్దనాలి. లేకపోతే సినిమా అరగంటలో అయిపోదూ!

మా ఇంటి వెనక గదిలో ఒక అక్క అద్దెకుండేది. వరంగల్ పిల్ల, నర్సు, వెల్లింగ్టన్ ఆసుపత్రిలో పని. నాన్నగారి స్నేహితుడి చెల్లెలు కాబట్టి మా ఇంట్లో మనిషికిందే లెక్క. సాయంత్రం వచ్చాక నాకు జడ వేసేది, తనవాళ్ళ కబుర్లు చెప్పేది. నాకు తోబుట్టువులు అప్పటికి లేరేమో, ఆమె నా సొంతమనుకునేదాన్ని. ఆమె మాత్రం ఆ దేశంలో ఒంటరిగా తన కాళ్ళమీద తాను నిలబడటానికి చాలా కష్టపడుతోందని నాకు తెలియదు.

ఇక డెయిరీలో అబ్బాయి. ఎర్రజుట్టు, సిగ్గరి, మాట్లాడేటప్పుడు చెవులు కూడా ఎర్రబడేవి. మా అక్క పాలకోసం వెళితే చిల్లర లెక్క తప్పేవాడు. ఒకసారి సినిమాకి వస్తావా అని అడిగాడట. ఆమె మర్యాదగా వద్దంది. మళ్ళీ అడిగితే మళ్ళీ వద్దంది. పాపం అతనికి ఏం చేయాలో తోచలేదు. ఒక మధ్యాహ్నం మిఠాయిల సంచీ నా చేతికిస్తూ, మీవాళ్ళలో అమ్మాయిలు వద్దంటే నిజంగా వద్దనేనా అని నన్ను అడిగాడు.

అడగడానికి అతనికి దొరికిన పెద్దమనిషిని చూడండి! నేను కౌంటరు మీద మోచేతులు ఆనించి, మా తెలుగు ఆడపిల్లలు సిగ్గుకొద్దీ అలాగే అంటారనీ, లోపల ఇష్టం ఉంటుందనీ, వదలకుండా వెంటబడితే ఒప్పుకుంటారనీ చెప్పాను. అంతటితో ఊరుకున్నానా? ఆమె ఏ ట్రైన్‌లో వస్తుందో కూడా చెప్పాను. తరవాత ఆమె ట్రైన్ మార్చుకుంటే ఆ కొత్త టైమూ నేనే చేరవేశాను. సినిమాలో హీరోయిన్ తరఫు చెలికత్తె పాత్ర నాదే అనుకున్నాను మరి.

అతను రోజూ స్టేషన్లో పూలగుత్తితో నిలబడటం మొదలుపెట్టాడు. ఆమె దిగగానే ఎదురొచ్చేవాడు, వద్దంటున్నా చేతిలో సంచీ తీసుకునేవాడు, ఒక్క నవ్వు నవ్వితేగానీ తప్పుకోనని దారికి అడ్డం నిలబడేవాడు. అక్క ఆలస్యంగా తడిసి రావడం మొదలైంది. అడిగితే ట్రైన్ లేటనేది. జడ వేస్తూ వేస్తూ ఆగిపోయేది. నేను అదంతా ప్రేమ లక్షణమని లోలోపల సంబరపడ్డాను.

ఒక ఆదివారం అమ్మమ్మ బీన్స్ ఈనెలు తీస్తూ నాతో సినిమా చూస్తోంది. తెరమీద హీరో తలుపుకు అడ్డంగా నిలబడి పాడుతున్నాడు. ఆ పిల్ల ఏమంటోందని అమ్మమ్మ అడిగింది. నన్ను పోనివ్వు అని ఆమె అంటున్న మాట నాకు స్పష్టంగా వినిపించింది. అయినా అలవాటుకొద్దీ, నువ్వంటే నాకూ ఇష్టమే అంటోందని చెప్పాను.

అమ్మమ్మ నా మొహంకేసి చూసింది, టీవీకేసి చూసింది. "ఇష్టమున్నదాని మొహం అలా ఉండదే," అని లేచి వెళ్ళి సౌండు మొత్తం తగ్గించేసింది. పాట పోయింది, వాయిద్యాలు పోయాయి. ఇక మిగిలినదల్లా గుమ్మంలో ఒక మగవాడు, పక్కనుంచి తప్పుకుపోవాలని చూస్తున్న ఒక ఆడపిల్ల. ఆమె ఎడమకు జరిగితే వాడు ఎడమకు జరుగుతున్నాడు. ఆమె చెయ్యి గుంజుకుంటే వాడు నవ్వుతున్నాడు. నేను పదిసార్లు చూసి మురిసిపోయిన సీనే అది.

టీ కోసం వచ్చిన అక్క వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. "అమ్మమ్మా, ఆ డెయిరీ పిలగాడు గూడ గిట్లనే నిలబడ్తడు," అంది. అని ఏడ్చేసింది. అతన్ని తప్పించుకోవడానికి ఒక స్టేషన్ ముందే దిగి వానలో నడిచి వస్తోందట. "నేను ఏ ట్రైన్ల వస్తున్ననో ఆయనకెట్ల తెలుస్తుందో సమజైతలేదు. నాకు మస్తు భయమైతుంది. ఉద్యోగం ఇడిచిపెట్టి ఇంటికి పోతా." అంత కష్టపడి వచ్చిన మనిషి, నా మూలంగా అన్నీ వదులుకుని వెళ్ళిపోబోతోంది.

అక్క తన గదికి వెళ్ళాక అమ్మమ్మ ఒళ్ళో తలపెట్టి మొత్తం కక్కేశాను. వీపు విమానం మోత మోగుతుందనుకున్నాను. ఆవిడ కొట్టలేదు. బీన్స్ గిన్నె పక్కన పెట్టి, "రేపు బడి నుంచి రాగానే ఇద్దరం డెయిరీకి వెళుతున్నాం. నేనన్న మాట అన్నట్టు చెప్పాలి. ఒక్క మాట నీది కలిపావో, చూడు," అంది.

మర్నాడు అమ్మమ్మ నేత చీర మీద నాన్నగారి కోటు తొడుక్కుని బయల్దేరింది. కొట్లో అప్పుడు ఎవరూ లేరు. అతను మమ్మల్ని చూసి నవ్వాడు. పెళ్ళి మాటలకొచ్చామనుకున్నాడేమో, కౌంటరు గబగబా తుడిచాడు. అమ్మమ్మ ఒక్కో మాటా చెబుతోంది, నేను ఇంగ్లీషులో అంటున్నాను. మా అమ్మాయి వద్దంది బాబూ. ఆమె వద్దంటే వద్దనే. స్టేషన్‌కి రావద్దు.

అతను అమ్మమ్మను చూడలేదు. నన్నే చూశాడు. నువ్వే కదా అలా చెప్పావు అన్నాడు. దీనికి అమ్మమ్మ చెప్పమన్న జవాబేమీ లేదు. నేనే చెప్పాలి. నాకేమీ తెలియదనీ, సినిమాల్లో చూసి చెప్పాననీ, అక్క నాతో ఎన్నడూ అలా అనలేదనీ చెప్పేశాను. అతని చెవులు ఎర్రగా కందిపోయాయి. ఆమె భయపడిందా అని అడిగాడు. ఆ మాట తెలుగులో అమ్మమ్మకు చెప్పాను.

"వానలో నడిచి వస్తోందని చెప్పు."

చెప్పాను. అతను వెనకనున్న పాల క్రేటు మీద కూలబడ్డాడు. నాకు తెలియదు, ఆటపట్టిస్తున్నాననుకున్నాను అని రెండు మూడుసార్లు అన్నాడు. అబద్ధం కాదు. వాళ్ళమ్మ ఎక్కడో సముద్రం అవతల సౌత్ ఐలండ్‌లో ఉంటుందట, ఇక్కడ అతనికి ఎవరూ లేరు. అతనికి కూడా ప్రేమ సంగతులు నేర్పినవి ఆ ఆదివారం సినిమాలే కాబోలు. అమ్మమ్మ మొహం మెత్తబడింది. "ఆశపడటం తప్పు కాదు నాయనా. అడిగావు, ఆ పిల్ల జవాబు చెప్పింది. ఇక ఊరుకోవాలి," అంది. నా పదేళ్ళ ఇంగ్లీషులో అది మూడు ముక్కలైంది. అడిగావు, చెప్పింది, అంతే. అతను తలూపాడు. ఆ తరవాత స్టేషన్లో ఎప్పుడూ కనిపించలేదు.

ఆ సాయంత్రమే అక్క దగ్గరకు వెళ్ళి, ఆ టైములన్నీ చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను. క్షమించమని అడిగాను. ఆమె మంచం మీద కూర్చుని నన్ను తేరిపార చూసింది. "నువ్వా?" అంది. తరవాత, "ఇప్పుడైతే నాతోని కాదు. పో," అంది. అంత మెల్లగా అన్న మాట అంత నొప్పి పెడుతుందని నాకు తెలియదు.

మర్నాడు నేను పూలబొమ్మ వేసి కార్డు తయారుచేశాను. తలుపు తట్టి ఇస్తాను, ఏడుస్తాను, ఆమె కరిగేదాకా అక్కడే కూర్చుంటాను అనుకున్నాను. అమ్మమ్మ వరండాలోనే నన్ను పట్టుకుంది. ఎక్కడికే అంది. చెప్పాను. "నిన్న ఆ అబ్బాయికి ఏం చెప్పి వచ్చావు?" అంది.

నాకు ఒళ్ళు మండింది. నేనూ అతనూ ఒకటేనా, నాది మంచి ఉద్దేశం అని ఎగిరాను. అతనిదీ మంచి ఉద్దేశమేనంది అమ్మమ్మ. కార్డు తీసుకుని బీరువాలో దాచి, ఏడుపొస్తే నా దగ్గర ఏడువు, ఆ తలుపు మాత్రం తట్టకు అని చెప్పింది. నిజంగానే చాలా ఏడ్చాను. వారాలు గడిచాయి. అక్క ఉద్యోగం మానలేదు. కొన్నాళ్ళు ఒక స్టేషన్ ముందే దిగుతూ వచ్చింది, తరవాత మా స్టేషన్లోనే దిగడం మొదలుపెట్టింది. నాతో అన్నం దగ్గర ఒకటి రెండు మాటలు తప్ప లేవు. నా జడ అమ్మమ్మే వేసేది, వంకరటింకరగా.

తమ్ముడు పుట్టాక ఒక ఆదివారం, సినిమా మధ్యలో అక్క తనంతట తానే వచ్చి నా వెనకాల సోఫాలో కూర్చుంది. నేను కదల్లేదు, వెనక్కి తిరగలేదు. కాసేపటికి నా జడ విప్పి, "ఎవరేసిన్రే గిట్ల?" అంది. క్షమించానని ఆమె ఎన్నడూ అనలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

ఆ సినిమాలంటే నాకిప్పటికీ ఇష్టమే, పాటలొస్తే కాళ్ళు ఆడతాయి. కానీ ఈ వయసులో ఎవరినైనా నొప్పిస్తే, మా పిల్లల్నైనా సరే, తప్పైందని ఒక్కసారి చెప్పి వచ్చేస్తాను. గుమ్మంలో నిలబడను. రావాలనుంటే వాళ్ళే వస్తారు. మా పెద్దమ్మాయి రావడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ నేను తలుపు తట్టలేదు.