హుక్కు మీద గంధం

2018 జూన్‌లో నన్ను దొడ్డబళ్ళాపురం రోడ్డులో ఉన్న కుక్కల శిక్షణ కేంద్రానికి ప్రధాన శిక్షకుడిగా వేశారు. గోదాములకు, ఫ్యాక్టరీలకు కాపలా కుక్కలను పంపే ఒక ప్రైవేటు కంపెనీది ఆ కేంద్రం. అంతకుముందు నేను సైన్యంలో కుక్కల విభాగంలో హవల్దారుగా చేసి బయటికి వచ్చాను. కేంద్రంలో నా కింద కుక్కలను నడిపే హ్యాండ్లర్లు, వాళ్ళ కింద కుక్కల గదులు చూసే కెన్నెల్ పనివాళ్ళు. ఈ వరుసలో ఎక్కడా ఇమడనివాడు డెకాయ్, అంటే దొంగలా నటించి కుక్కచేత కరిపించుకునే మనిషి. మా డెకాయ్ బొమ్మనహళ్ళి మునిరాజు. "నీ మొగుడేం చేస్తాడని అడిగితే మా ఇంటామె దొంగపని అని చెప్తాదప్పా" అని నవ్వేవాడు.

కాపలా కుక్కకు కరవడం కంటే ముందు, కరవకుండా నిలబడి మొరగడం నేర్పాలి. ఇనుప స్తంభానికి నైలాన్ తాడు కట్టి, తాడు చివరి హుక్కును కుక్క మెడలోని వెడల్పాటి తోలు పట్టీకి తగిలిస్తాం. ఈ పనిలో గొలుసు పట్టీ వాడం. కుక్క ఊపుగా దూకితే గొంతుకు దెబ్బ. తాడు అందే మేర నేలమీద సున్నంతో గీత గీస్తాం. డెకాయ్ ఆ గీతకు ఒక అడుగు బయట నిలబడతాడు. ఎడమచేతికి కాటు తగలకుండా మందపాటి జనపనార తొడుగు, స్లీవ్ ఉంటుంది, కుడిచేతిలో బెత్తం. ఆ కుడిచేతికి ఏ రక్షణా ఉండదు. అప్పట్లో మేము ఒకే తాడు, ఒకే హుక్కు వాడేవాళ్ళం. కాబట్టి మొదలుపెట్టే ముందు శిక్షకుడు హుక్కు నోటిని మూసే స్ప్రింగు నాలుకను బొటనవేలితో నొక్కి వదిలి, టక్కుమని మూసుకుందో లేదో వినాలి. ఆయన సరే అనకుండా హ్యాండ్లర్ కుక్కను వదలడు.

నేను భాగవతం వింటూ పెరిగినవాణ్ణి. ఎక్కడ పనిచేసినా శనివారం భజన తప్పలేదు. ఆ ఏడు ఆయుధపూజ నా చేతులమీదుగానే జరిగింది. పట్టీలు, తాళ్ళు, స్లీవులు, మూతిబుట్టలు కడిగి బల్లమీద పేర్చాం. ఒక్కటీ వదలకుండా గంధం, పసుపు కలిపి రాసి, కుంకుమ పెట్టాను. హుక్కులకు కూడా. పూజలో పెట్టిన వస్తువును మరుసటి రోజు దాకా కదిలించకూడదని అందరికీ చెప్పాను.

మరుసటి రోజు విజయదశమి. మంచిరోజు కదా, ఒక్క పాఠమైనా చేయాలన్నది కూడా నేనే. భైరవ అనే మాలినాయిస్ జాతి కుక్కను దాని హ్యాండ్లర్ నరసింహులు స్తంభం దగ్గరికి తెచ్చాడు. హుక్కు తగిలించి, గోటితో దాన్ని గీకబోయాడు.

"గంధం గట్టిపడిండాది సార్. కొంచెం తుడుస్తా" అన్నాడు.

"ఉండనీరా. పూజ బొట్టు, ఈ ఒక్కరోజు ఉండనీ" అన్నాను.

వాడు చెయ్యి తీసేశాడు. నేను హుక్కును కళ్ళకద్దుకున్నాను. నొక్కి చూడకుండానే సరే అన్నాను.

భైరవ రెండోసారి దూకినప్పుడు హుక్కు ఊడింది. మునిరాజు స్లీవ్ అడ్డం పెట్టేలోపే కుక్క అతని కుడిచేతిని, బొటనవేలి మొదట్లో పట్టింది. అతను చెయ్యి లాక్కోలేదు. లాగితే కండ చీలుతుందని అతనికి తెలుసు. నరసింహులు కూడా కుక్కను వెనక్కి గుంజలేదు. రెండు చేతులతో పట్టీ పట్టి పైకెత్తి, అది వదిలేదాకా ఆగాడు. వాళ్ళిద్దరూ చేయవలసింది చేశారు. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి, మునిరాజును ఆసుపత్రికి తీసుకుపోయాం. నరం తెగిందన్నారు.

తిరిగొచ్చి హుక్కు చూశాను. నాలుక సందులో గంధం సున్నంలా ఎండి, సగం మూసుకుని నిలిచిపోయి ఉంది.

సాయంత్రం మేనేజరు ప్రమాద నివేదిక కాగితం ఇచ్చాడు. కారణం అన్న గడిలో 'కుక్క అదుపు తప్పింది' అని రాయమన్నాడు. అలా రాస్తే భైరవకు ప్రాణం తీసే సూది వేస్తారు. కంపెనీ నియమం అది. నరసింహులు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "సార్, మీరు చెప్పినారనే నేను తుడవలేదు" అని ఒక్కమాట అని వెళ్ళిపోయాడు.

ఆ శనివారం భజన అయ్యాక మా భజన బృందం పెద్దాయనకు చెప్పుకున్నాను. అంతా స్వామి లీల, మనసులో పెట్టుకోకు అన్నాడు. ఆ మాటతో ఎన్నో కష్టాలు దాటినవాణ్ణి. కానీ కారణం గడిలో లీల అని రాయడానికి లేదు. ఆదివారం ఆసుపత్రికి వెళ్ళాను. మునిరాజు కట్టు కట్టిన చెయ్యి దిండుమీద పెట్టుకుని ఉన్నాడు.

"నీ దేవునికి బొట్టు పెట్టు సామీ, ఎవురొద్దన్నారు? హుక్కు నోట్లో ఎందుకు కూరినావు?" అన్నాడు. మళ్ళీ తనే, "కుక్కను చంపొద్దని చెప్పు. అది నేర్పిందే చేసిండాది" అన్నాడు.

సోమవారం నివేదిక రాశాను. పూజ గంధం వల్ల హుక్కు మూసుకోలేదని, హ్యాండ్లర్ తుడవబోతే నేనే ఆపానని, పరీక్ష చేయవలసిన నేను చేయలేదని. మేనేజరు రెండుసార్లు చదివి, "ఇది మీకు అవసరమా?" అన్నాడు. నన్ను ప్రధాన శిక్షకుడి స్థానం నుంచి తీసి, పట్టీలు, తాళ్ళు ఇచ్చే స్టోరులో వేశారు. భైరవను కరిచే పని మాన్పించి గోదాము గస్తీకి పంపారు. మునిరాజు బొటనవేలు మళ్ళీ వంగలేదు. అతను ఇక డెకాయ్ పని చేయలేకపోయాడు.

స్టోరులో ఉన్న మూడేళ్ళలో నేను పెట్టిన పద్ధతులు రెండు. స్తంభం నుంచి రెండు తాళ్ళు ఉండాలి, ఒకటి మెడపట్టీకి, ఒకటి ఛాతీపట్టీకి, వేరువేరు హుక్కులతో. ఆయుధపూజనాడు గంధం, కుంకుమ బల్లకు పెట్టాలి, కదిలే భాగమున్న దేనికీ పెట్టకూడదు. ఇప్పటికీ రోజూ పూజ చేస్తాను. దేవుడిమీద నమ్మకం తగ్గలేదు. అయితే హుక్కును కళ్ళకద్దుకోవడం దాన్ని నొక్కి చూడటం కాదని, చూసే బాధ్యత ఉన్నవాడు చూడకపోతే ఆ ఫలితం అతని చేతిమీద కాక ఎదుట నిలబడినవాడి చేతిమీద పడుతుందని అప్పుడు తెలిసింది.