కరక్కాయ వగరు

డ్రాయింగ్ టీచరుగారు పోయారన్న కబురు నాకు అచ్చుల సాయిబుగారు తెచ్చారు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేపరు చదువుతూ తిట్టుకుంటున్నాను. సైకిలు గోడకి ఆనించి, భుజం మీది తువ్వాలు తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డారాయన. టేకు చెక్క మీద అద్దకపు అచ్చులు చెక్కే మనిషి. చేతులు ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు.

"మన టీచరమ్మగారు వెళ్ళిపోయారండీ మాస్టారూ. రాత్రి పడుకున్నావిడ లేవలేదట" అన్నారు.

మర్నాడు పేపర్లో రెండు వాక్యాలు వేశారు. "కుట్టు టీచరు మృతి" అని శీర్షిక. ఆవిడ జన్మలో సూదిలో దారం ఎక్కించి ఎరగరు. జాకెట్టు గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకుని స్కూలుకి వెళ్ళేవారు. పేపరువాళ్ళు అంతటితో ఊరుకున్నారు. స్కూల్లో పెట్టిన సంతాపసభ ఊరుకోలేదు. గుడివాడ నుంచి ఒక పెద్దమనిషి పనిగట్టుకుని వచ్చి, ఆవిడ సౌమ్యురాలనీ మితభాషి అనీ, ఆవిడ ప్రతిభని మొట్టమొదట గుర్తించింది తానేననీ చెప్పాడు. సౌమ్యురాలా! ఆవిడ నవ్వితే మా వీధి చివర కిళ్ళీకొట్టులో సోడా కొడుతున్నవాడు చెయ్యి ఆపి ఇటు చూసేవాడు. ఆ పెద్దమనిషి సంగతి తర్వాత చెబుతాను. మరిచిపోతానని ఎవరూ ఆశ పెట్టుకోవద్దు.

నేను తెలుగు పండితుడిగా రిటైరైన ఏడాదే ఆవిడ బందరులో మా ఎదురింట్లో అద్దెకి దిగారు. నా పాత శిష్యులు నాకు పెట్టిన పేరు వేపకాయ మాస్టారు. ఆ పేరు వీధిలో ఎవరు చెప్పారో, వచ్చిన వారంలోనే ఆవిడ చెవిన పడింది. నా దగ్గరికి వచ్చి నేరుగా అడిగారు.

"మిమ్మల్ని వేపకాయ అంటారట, నిజమేనా మాస్టారూ?"

"నిజమే. చేదుగా మాట్లాడతాను."

"ఒకటి మాట్లాడండి, చూద్దాం."

"మీ ఇంట్లోంచి కుళ్ళిన బెల్లం కంపు వస్తోంది. వీధిలో మనుషులం బతకాలా వద్దా?"

ఆవిడ పగలబడి నవ్వారు. "అది నా నల్లరంగండీ. తుప్పు మేకులూ బెల్లమూ కుండలో ఊరుతున్నాయి. మిమ్మల్ని వేపకాయ అన్నవాళ్ళకి రుచులు తెలియవు. మీది చేదు కాదు, వగరు. మీరు కరక్కాయ."

దాని అర్థం తెలుసుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆ వెళ్ళడం రోజూ వెళ్ళడమైంది. అద్దకం పనిలో గుడ్డని ముందు కరక్కాయ నీళ్ళలో ముంచుతారు. గుడ్డ పసుపు తిరుగుతుంది. ఆ వగరు పట్టిన గుడ్డ మీద మేకుల కుండలోని ఇనప నీళ్ళు పడితే ఆ చోటు నల్లగా మారి ఇక వదలదు. "వగరు పట్టించకుండా రంగేస్తే మొదటి ఉతుకుకే బొమ్మ కాలవలో కొట్టుకుపోతుంది మాస్టారూ. మనుషుల్లోనూ కొందరు వగరువాళ్ళు ఉండాలి, మాట నిలవడానికి" అనేవారు. నేను అలంకార శాస్త్రాలు చాలా చదివాను. నన్ను ఇంత బాగా సమర్థించిన వాక్యం వాటిలో ఎక్కడా దొరకలేదు.

ఆవిడ పద్ధతి ఆవిడదే. పెడన, బందరు అద్దకంవాళ్ళు అచ్చుతో మొదలుపెట్టి అచ్చుతోనే ముగిస్తారు. బొమ్మలు గీసేవాళ్ళు కుంచెతో మొదలుపెట్టి కుంచెతో ముగిస్తారు. ఈవిడ రెండిళ్ళ చుట్టం. ముందు గుడ్డంతా అచ్చులు. సాయిబుగారు అరిగిపోయాయనీ అంచు విరిగిందనీ పక్కన పడేసినవే కావాలి ఆవిడకి. కొత్తది ఇస్తానంటే "వద్దండీ, దానికి ఇంకా ఏ కష్టమూ తెలీదు" అనేవారు. అచ్చుల మీద స్టెన్సిలు. ఆసుపత్రివాళ్ళు పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చి, చాకలిసోడా నీళ్ళలో నానబెట్టి, గీకి, బ్లేడుతో చేపలూ గుడిసెలూ పడవలూ కోసి, ఆ కంతల్లోంచి గుడ్డ మీదికి రంగు తట్టేవారు. తొందరలో సరిగా గీకని ఫిల్ములుండేవి. ఒకసారి పడవ కోసిన ఫిల్మును నేను వెలుగుకి పట్టి చూస్తే చుట్టూ ఎవరివో పక్కటెముకలు కనిపించాయి. "పాపం, ఈయనకి దగ్గు తగ్గిందో లేదో" అన్నారు, కుంచెతో రంగు తడుతూనే. చివరికి స్టెన్సిలు మీద సన్నకుంచె పని. ముక్కూ మొహమూ, తలపాగా, పిట్ట కన్నూ. "పై పొర కింది పొరని కప్పెయ్యకూడదండీ, పలకరించాలి" అన్నది ఆవిడ సూత్రం. కొత్త ఎడిషను వేసినప్పుడల్లా పాత పండితుడి ముందుమాట తీసిపారేసే మన తెలుగువాళ్ళకి ఈ సూత్రం ఎవరైనా నేర్పితే బాగుండును.

ఆ ఇంట్లో ఆరని రంగు లేని చోటు ఉండేది కాదు. ఒక సాయంత్రం కుర్చీలో కూర్చుని లేచి, కోనేరు సెంటరు దాకా నడిచి వెళ్ళాను. వెనక జనం నవ్వుతున్నారని తెలుస్తోంది, ఎందుకో తెలియడం లేదు. చేపల గంప ఎత్తుకుని పోతున్న ఒక మనిషి ఆగి, "పంతులుగారూ, ఆ వెనకాలది ఎంతకిస్తారండీ?" అని అడిగింది. నా పంచె మీద జానెడు నీలం చేప. వెనక్కి వచ్చి ఎదురింటి గుమ్మంలో నిలబడి కేకలేస్తే, ఆవిడ నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "బాగా పడింది మాస్టారూ! మత్స్యావతారం ఎత్తేశారు. ఉతకొద్దు" అన్నారు. ఉతికించాను. వదల్లేదు.

ఆవిడది దివిసీమ. హంసలదీవికి వెళ్ళే దారిలో క్రైస్తవ పల్లె. డెబ్భై ఏడు ఉప్పెన ఆ పల్లె మీదుగా వెళ్ళింది. ఎవరెవరు పోయారో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. తాటిచెట్టుని కరుచుకుని బతికిన మేనత్త ఒకావిడ మిగిలింది. కొన్నాళ్ళు ఎదురింట్లో నవ్వు లేదు, బెల్లం కంపు లేదు. ఆ కంపు మళ్ళీ మొదలైన రోజున నేను ఎవరికీ చెప్పకుండా సంతోషించాను.

దుప్పటంత గుడ్డ మీద తన ఊరు వేస్తున్నారు ఆవిడ. శవాలు లేవు, ఏడుపు లేదు. అంచు విరిగిన ఆకుల అచ్చుని వరసగా కొడితే సముద్రమైంది. పాత వలముక్క పరిచి పైనుంచి రంగు తడితే ఆరేసిన వలలయ్యాయి. ఎక్స్‌రే గుడిసెల ముందు సన్నకుంచెతో మనుషులు: తాటాకు కప్పుతున్నవాళ్ళు, వల బాగుచేస్తున్నవాళ్ళు, ఒకళ్ళ తల ఒకళ్ళు దువ్వుతున్న ఆడవాళ్ళు. మధ్యలో నీలం తలుపు ఇల్లు మేనత్తది.

"పేపర్లలో మా ఊరు చచ్చిన గొడ్ల మధ్య వచ్చింది మాస్టారూ. చూసినవాళ్ళు జాలిపడి పేజీ తిప్పేశారు. నాకు జాలి వద్దు. గోడ మీద మా ఊరు వేలాడుతుంటే, ఎవరో ఒకరు దాని ముందు నిలబడి 'ఈ ఇల్లు ఎవరిది?' అని అడగాలి. అదొక్కటే నాకు కావాలి" అన్నారు. ఆవిడ నవ్వకుండా మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

మరుసటి ఏడు గుడివాడలో చిత్రకళా ప్రదర్శన పెట్టారు. టీచరుగారు గుడ్డని మడత పెట్టి ముందురోజే పంపించారు. మేనత్త తన ఊరిని గోడ మీద చూసుకోవడానికి దివిసీమ నుంచి బస్సెక్కి వచ్చింది. మర్నాడు ముగ్గురం పాసెంజరు బండిలో వెళ్ళాం. దారి పొడుగునా మేనత్త, "నా తలుపు నీలమే వేశావా? ఆకుపచ్చ వేస్తే పక్కింటివాళ్ళదనుకుంటారు" అని అడుగుతూనే ఉంది.

హాల్లోకి వెళ్తే గోడల మీద ఎక్కడా ఆ గుడ్డ లేదు. పూలకుండీలు, సూర్యాస్తమయాలు, కొంగుతో తల తుడుచుకుంటున్న పడుచులు. హాలు చివర పొడుగాటి బల్ల, దాని చుట్టూ కమిటీవారు, బల్ల మీద టీలూ గారెలూ. వాటి కింద పరిచి ఉంది మా టీచరుగారి ఊరు. మడత పెట్టిన బందరు అద్దకం గుడ్డ కనిపిస్తే, గుడివాడలో అది బల్లగుడ్డ కాక ఇంకేమవుతుంది?

అధ్యక్షులవారు, మొన్న సంతాపసభలో మాట్లాడిన ఆ పెద్దమనిషే, అప్పుడు నలుగురికీ ఉపన్యసిస్తున్నాడు. "చిత్రం ఎక్కడో ఉండదండీ. చూసే కన్ను ఉండాలి" అంటూ గ్లాసు తీసుకెళ్ళి సరిగ్గా నీలం తలుపు ముందు పెట్టాడు.

నేను టీచరుగారి వైపు చూడలేకపోయాను. కానీ మేనత్త మా ఇద్దరికంటే ముందే తేరుకుంది. "అమ్మాయ్, ఇది మన ఊరు కదే!" అంది. ఎవరైనా ఆపేలోపు బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

"అయ్యా, తమరి గ్లాసు కాస్త తియ్యండి. మా వాకిట్లో పెట్టారు."

అధ్యక్షులవారు ఆవిడని చూసి, గ్లాసుని చూసి, కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. "ఎవరి ఇల్లమ్మా ఇది?" అన్నాడు.

"మాదేనయ్యా. నీలం తలుపు. ఆ గారెల పళ్ళెం కింద ఉన్నది మా తమ్ముడిది. వాడి నెత్తిన చట్నీ పోశారు చూడండి."

నా వెనక నుంచి నవ్వు వినిపించింది. కిళ్ళీకొట్టు దాకా వినిపించే ఆ పాత నవ్వు. టీచరుగారు నా చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నారు. "అడిగాడు మాస్టారూ! విన్నారా? ఎవరి ఇల్లని అడిగాడు!"

గ్లాసులు తీశారు, పళ్ళాలు తీశారు. నీలం తలుపు ముందు గుండ్రంగా టీ మరక మిగిలింది. తడిగుడ్డ కోసం కమిటీలో ఒకాయన పరిగెత్తబోతే మేనత్త ఆపింది.

"ఉండనీవయ్యా. ఉప్పెనొచ్చాక బావులన్నీ ఉప్పు తేలినయ్యి. మంచినీళ్ళకి నడవలేక చస్తన్నాం. అమ్మాయ్, వాకిట్లో నా బావి అదేనే."

టీచరుగారు సంచీలోంచి ఇనపరంగు సీసా, సన్నకుంచె తీశారు. టీ కూడా వగరే కదా. ఆ మరక అంచున కుంచె ఆనగానే ముదురు నలుపు పట్టింది. రెండు నిమిషాల్లో గిలక వచ్చింది, చేద వచ్చింది.

అప్పటికి అధ్యక్షులవారు తేరుకున్నాడు. "పొరపాటు జరిగింది, ఒప్పుకుంటాను. కానీ అచ్చు వేసినది చిత్రమెలా అవుతుందమ్మా? చేత్తో చేసినదే చిత్రం. గోడ మీద పెట్టడానికి పద్ధతి ఒప్పుకోదు" అన్నాడు.

"అచ్చు కాళ్ళతో వేస్తారాండీ?" అన్నారు టీచరుగారు.

నేను నోరు విప్పబోయాను. ఆ పెద్దమనిషి వేసిన పుస్తకాలు నేను చదివాను. ఏ పేజీ ఎక్కడి నుంచి ఎత్తాడో నాకు తెలుసు. అచ్చు వేసినది ఎవరిదవుతుందో అక్కడే తేల్చుకుందామనుకున్నాను. టీచరుగారు నా భుజం మీద తట్టారు. "వగరంతా ఇక్కడే ఖర్చు పెట్టేస్తారా మాస్టారూ? కాస్త దాచుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది."

దాచుకున్నాను. ఇప్పుడు ఖర్చు పెడుతున్నాను.

గుడ్డని వరండాలో రెండు స్తంభాల మధ్య తాడు కట్టి ఆరేశాం. హాల్లోకి వెళ్ళేవాళ్ళు, వచ్చేవాళ్ళు దాని పక్కనుంచే నడవాలి. మేనత్త దాని పక్కన నిలబడింది. ఎవరు ఆగినా ఏ ఇల్లు ఎవరిదో, ఎవరి కోడలు ఎవరి తల దువ్వుతోందో చెప్పింది. మధ్యాహ్నానికి వరండాలో అడుగు పెట్టే చోటు లేదు. సాయంత్రం అధ్యక్షులవారే వచ్చి, "లోపల గోడ మీద కాస్త చోటు చూపిస్తాం లెండి" అన్నాడు.

"వద్దండీ. ఇక్కడ మావాళ్ళకి గాలి ఆడుతోంది" అన్నారు టీచరుగారు.

ఆ రాత్రి బండిలో మేనత్త గుడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది ఆవిడతోనే దివిసీమ వెళ్ళిపోయింది. సంతాపసభలో ఆయన చెప్పినది అబద్ధం కాదని ఒప్పుకోవాలి. ఆ ఇల్లు ఎవరిదని మొట్టమొదట అడిగింది ఆయనే.

మొన్న టీచరుగారిని మట్టి చేసి, సమాధుల తోట నుంచి అందరం ఎదురింటికి వచ్చాం. లోపల కుండలో నల్లరంగు ఇంకా ఊరుతోంది. వీధిలో ఎవరూ విసుక్కోలేదు. మేనత్త తాను తెచ్చిన మూట విప్పి, ఆ గుడ్డని బల్ల మీద పరిచింది. ఉతికి ఉతికి పసుపు కాస్త వెలిసింది. నలుపు అలాగే ఉంది. ఎవరో టీ తెచ్చి ఇచ్చారు. సాయిబుగారూ నేనూ గ్లాసులు చేత్తో పట్టుకుని నిలబడ్డాం. చెయ్యి కాలుతోంది. బల్ల ఎదురుగానే ఉంది. ఇద్దరిలో ఎవరికీ గ్లాసు దించబుద్ధి కాలేదు.

"చెయ్యి కాలుద్ది మాస్టారూ, అక్కడ పెట్టండి" అంది మేనత్త. "బావి ఉందిగా."

పెట్టాను. ఆ నల్లటి గుండ్రం మీద నా గ్లాసు అచ్చంగా సరిపోయింది. నీలం తలుపు ముందు, చేద పక్కన, బావిలోంచి సన్నగా ఆవిరి లేస్తోంది.