తెరచాపల అరలో టాన్సీ

పడవలకు రంగులు వేసి బతికిన జోరీకి భార్య పోయాక మిగిలింది టాన్సీ అనే ముసలి కుక్క ఒక్కటే. ఏటా వేసవిలో దాన్ని తన తెరచాప పడవలో ఫ్రాన్సు తీరానికి తిప్పి, మళ్లీ ఇంగ్లండులో కార్న్‌వాల్‌ తీరంలోని తమ రేవుకు తెచ్చుకునేవాడు. పరాయి దేశం నుంచి కుక్కను సొంత పడవలో తేకూడదు. అనుమతి ఉన్న ఓడలోనే, కాగితాలతో తేవాలి. ఓడలో దాన్ని బోనులో పెడతారని జోరీకి బాధ. అందుకే తెరచాపలు దాచే అరలో పడుకోబెట్టేవాడు. ఆ సంగతి స్నేహితుడు పెరాన్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

ఈసారి రేవు చేరగానే ఒక అధికారిణి పడవెక్కి, ఎక్కడా వెతక్కుండా నేరుగా ఆ అర తలుపు తీసింది. టాన్సీ గుర్రుమంది. ఆమె వెనక్కి తగ్గి గట్టు వైపు చూసింది. అక్కడ పెరాన్ తల దించుకుని నిలబడి ఉన్నాడు.

"నువ్వేనా చెప్పింది?" అన్నాడు జోరీ.

"రేబిస్ వస్తే ఊళ్లో పిల్లల గతేంట్రా? టీకాలు వేయించమంటే నవ్వావు."

"ఆ మాట నా పడవలో కూర్చుని నా చేపలు తింటూ అన్నావు. వీళ్లకు చెప్తానని మాత్రం అనలేదు."

"నాలుగు నెలలు విడిగా ఉంచి పంపేస్తార్లే."

"అప్పటిదాకా అది బతుకుతుందట్రా? దాని వయసు నీకు తెలీదూ?"

పెరాన్ పడవలోకి దిగి, కుక్కను అధికారిణికి అప్పగించడానికి అరలోకి చేతులు చాచాడు. తెలిసిన వాసన తగలగానే టాన్సీ తోకాడిస్తూ ఆ చేతుల్లోకి వెళ్లిపోయింది. జోరీ దాన్ని పేరు పెట్టి పిలిచాడు. అది ఒకసారి తిరిగి చూసి, పెరాన్ చెంప నాకింది.